హీట్ పంప్ కొనే రోజు నుంచి తీసేసే రోజు దాకా: లోపలి గ్యాస్ మీద కన్నేసి ఉంచడం ఎలా?

గీజర్ నీళ్లు కాస్తుంది. హీట్ పంప్ కాచదు. చుట్టూ గాలిలో ఉన్న వేడిని తోడి నీళ్లలో పోస్తుంది. బావిలో నీళ్లు తోడినట్టే, కరెంటు ఖర్చయ్యేది తోడటానికి మాత్రమే. అందుకే ఒక యూనిట్ కరెంటుకు ఇంచుమించు మూడు యూనిట్ల వేడి దొరుకుతుంది. ఏసీ చేసే పని కూడా ఇదే, ఇంట్లో వేడిని తోడి బయట పోస్తుంది. హాట్ అండ్ కోల్డ్ ఏసీలో ఒక వాల్వు తిరిగితే తోడే దిక్కు మారుతుంది, అంతే తేడా.

బావికి బొక్కెన ఎలాగో దీనికి లోపలి గ్యాస్ అలాగ. కంపెనీలు ఎంత కరెంటు ఆదా అవుతుందో పెద్దక్షరాల్లో చెబుతాయి. బొక్కెన కారితే ఏమవుతుందో చెప్పవు. అందుకే ముందు ఈ లెక్క చూడండి.

100 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55కి తేవాలంటే 3.5 యూనిట్ల వేడి కావాలి. గీజర్ ఆ మొత్తం కరెంటు నుంచే తీసుకుంటుంది. హీట్ పంప్‌కు 1.2 యూనిట్లు చాలు. రోజుకు 2.3 యూనిట్లు మిగులు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పైట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టనివ్వవు కాబట్టి ఏడాదికి 250 రోజులే లెక్కేద్దాం, 575 యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఏడాదికి 400 కిలోల ఆదా.

ఇక రెండో వైపు. యంత్రంలో కిలో ఆర్-134ఏ గ్యాస్ ఉందనుకోండి. ఆ గ్యాస్ కిలో గాల్లో కలిస్తే 1430 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడెక్కుతుంది భూమి. మూడున్నరేళ్ల ఆదా ఒక్క లీకుతో పోయింది. అదే 150 గ్రాముల ఆర్-290 అనే గ్యాస్‌తో నడిచే యంత్రమైతే, గ్యాస్ మొత్తం పోయినా అర కిలో కార్బన్ డయాక్సైడ్ కూడా కాదు.

1. అసలు మీకు కావాలా, ఎంత కావాలి

సొంత డాబా ఉండి, దాని మీద ఎండ పడే చోటుంటే సోలార్ వాటర్ హీటరే మేలు. అందులో కంప్రెసర్ లేదు, గ్యాస్ లేదు, పీసీబీ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు) లేదు. ఇద్దరే ఉండి, చలికాలం రెండు నెలలు తప్ప వేన్నీళ్లు అడగని ఇంట్లో చిన్న గీజరే సరిపోతుంది. హీట్ పంప్ గిట్టుబాటయ్యేది నలుగురైదుగురు ఉండే ఇళ్లకు, డాబా మీద హక్కు లేని అపార్ట్‌మెంట్లకు, హాస్టళ్లకు.

సైజు దగ్గర డీలర్లు 200 లీటర్లతో మొదలుపెడతారు. మీ లెక్క మీరు వేసుకోండి. బకెట్ స్నానానికి 20 లీటర్లు, 40 డిగ్రీల వేడి. 25 డిగ్రీల చన్నీళ్లు సగం, ట్యాంకులోని 55 డిగ్రీల నీళ్లు సగం కలిపితే అదే వస్తుంది. అంటే బకెట్‌కు ట్యాంకు నుంచి పోయేది 10 లీటర్లే. తలకు ఒకటిన్నర బకెట్ చొప్పున నలుగురికి 60 లీటర్లు. షవర్ అలవాటుంటే, నిమిషానికి 8 లీటర్ల చొప్పున ఆరు నిమిషాలకు 48 లీటర్లు, అందులో ట్యాంకు వాటా 24. నలుగురికి 100 లీటర్ల లోపే. కావాల్సిన దానికి రెట్టింపు ట్యాంకు కొంటే రెట్టింపు ఉక్కు, ఎక్కువ రాగి, ఎక్కువ గ్యాస్ ఇంట్లోకి తెచ్చుకున్నట్టు. వాడని నీళ్లు రాత్రంతా చల్లారుతూ పోవడం అదనం.

2. రేటింగ్ ప్లేటు మీద గ్యాస్ పేరు చదవండి

యంత్రం పక్కన అంటించిన ప్లేటు మీద గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములో రెండూ ఉంటాయి. షోరూంలో బ్రోషర్ పక్కన పెట్టి దాన్ని ఫోటో తీసుకోండి. గ్రాములను ఆ గ్యాస్ వేడెక్కించే సంఖ్యతో, అంటే కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్ని రెట్లు వేడెక్కిస్తుందో ఆ సంఖ్యతో గుణించండి. ఆర్-22కి 1810, ఆర్-410ఏకి 2088, ఆర్-134ఏకి 1430, ఆర్-32కి 675, ఆర్-290కి 3. లెక్కకు ఈ సంఖ్యలు చాలు. 800 గ్రాముల ఆర్-32 ఉన్న ఒకటిన్నర టన్ను ఏసీలోని గ్యాస్ 540 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, కిలో ఆర్-410ఏ ఉన్నదైతే రెండు వేల కిలోల పైమాట.

ఆర్-22తో కొత్త యంత్రమంటూ ఎవరైనా అమ్మజూపితే వెనక్కి తిరగండి. 2025 జనవరి 1 నుంచి మన దేశంలో ఆ గ్యాస్‌తో కొత్త యంత్రాలు తయారు చేయడానికి వీల్లేదు. ఓజోన్ పొరను తినడం ఒక్కటే దాని పాపం కాదు. ఆర్-22 తయారయ్యేటప్పుడు పక్కన పుట్టే హెచ్‌ఎఫ్‌సీ-23 అనే వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా 14 వేల రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. దాన్ని గాల్లోకి వదలకుండా కాల్చేయాలని కేంద్రం 2016 అక్టోబరులో ఆదేశించింది. అదే నెలలో రువాండా రాజధాని కిగాలిలో హెచ్‌ఎఫ్‌సీలను (ఆర్-134ఏ, ఆర్-410ఏ, ఆర్-32 ఈ జాతి గ్యాసులే) తగ్గించే ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం మన దేశంలో 2028లో వాడకానికి గరిష్ఠ పరిమితి పడుతుంది, 2032 నుంచి కోత మొదలవుతుంది. ఈ రోజు కొన్న యంత్రం అప్పటికి ఇంట్లోనే ఉంటుంది. ఎక్కువ సంఖ్య ఉన్న గ్యాస్ ధర అప్పుడు ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు.

ఆర్-290 అంటే ప్రొపేన్, మన వంటగ్యాస్‌లో ఉండేదే. గోద్రెజ్ 2012లోనే మన దేశంలో ఆర్-290 స్ప్లిట్ ఏసీలు తెచ్చింది. అంటుకునే గ్యాస్ కదా అని జనం జంకుతారు. వంటింట్లో సిలిండర్‌లో 14.2 కిలోలు పెట్టుకుని పక్కనే పొయ్యి వెలిగిస్తున్నాం, ఇక్కడున్నది గ్రాముల్లో. అయితే ఒక్క తేడా మరిచిపోవద్దు. వంటగ్యాస్‌కు కలిపే ఆ ఘాటు వాసన ఇందులో కలపరు, లీకైతే ముక్కుకు తెలియదు. పైగా గాలి కన్నా బరువు, నేలబారున పారి గుంతల్లో నిలుస్తుంది. కాబట్టి సెల్లార్‌లో, సంపు పక్కన, కిందికి కంతలున్న చోట పెట్టకండి. గదికి కనీస వైశాల్యం ఎంతో మాన్యువల్‌లో రాస్తారు. ఇది ఆర్-32కీ వర్తిస్తుంది, అదీ కొద్దిగా అంటుకునే గ్యాసే.

వాటర్ హీటర్ వరకు మా సలహా సూటిగా చెబుతాం. ట్యాంకు, కంప్రెసర్ ఒకే డబ్బాలో ఉన్న మోడల్ తీసుకోండి. గ్యాస్ ఫ్యాక్టరీలోనే సీల్ అయి వస్తుంది. మీ ఇంట్లో నీళ్ల పైపులు, కరెంటు తప్ప ఇంకేం కలపక్కర్లేదు. కారే జాయింటే లేకపోతే సగం గొడవ తీరినట్టే.

3. తయారు చేసింది ఎవరో పట్టుకోండి

ముందున్న బ్రాండు పేరును బట్టి ఫ్యాక్టరీ తెలియదు. ఏసీల పరిశ్రమలో ఒకరు చేసి ఇంకొకరి పేరుతో అమ్మడం మామూలు. ఆంబర్, ఈప్యాక్, పీజీ ఎలక్ట్రోప్లాస్ట్ లాంటివి చాలా బ్రాండ్లకు చేసిపెడతాయి. డబ్బా మీద చిన్నక్షరాల్లో తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం ఉంటాయి. అవే మీకు కావాల్సినవి.

మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూ స్టార్, హావెల్స్ ఏసీ ఫ్యాక్టరీలున్నాయి. గ్యాస్ నింపిన ఏసీల దిగుమతిని 2020 అక్టోబరులో ప్రభుత్వం ఆపేశాక, 2021లో విడిభాగాల తయారీకి 6,238 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించాక ఈ పరిశ్రమ ఇక్కడ పుంజుకుంది. అయినా దేశంలో తయారైందన్న ముద్ర చూసి లోపలున్నవన్నీ ఇక్కడివే అనుకోకండి.

ఉదాహరణకు ఇన్వర్టర్ కంప్రెసర్ మోటారులోని అయస్కాంతం. శక్తిమంతమైన రకాల్లో నియోడిమియం, వేడికి తట్టుకోవడానికి కాస్త డిస్ప్రోసియం వాడతారు. ప్రపంచంలో ఈ లోహాల శుద్ధి చాలావరకు చైనా చేతుల్లో ఉంది. డిస్ప్రోసియం లాంటి బరువైన వాటి ముడిఖనిజంలో పెద్ద వాటా మయన్మార్‌లోని కచిన్ కొండల నుంచి వెళుతుంది. అక్కడ కొండకు బొక్కలు వేసి అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం పోసి మట్టిలోంచి లోహం కడిగి తీస్తారు. వాగులు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. అక్కడి గనులు సాయుధ బృందాల గుప్పిట్లో ఉన్నాయి. మన విశాఖలో 2023లో మొదలైన అరుదైన లోహాల అయస్కాంతాల ప్లాంటు చేసేది సమేరియం-కోబాల్ట్ రకం, ఏసీ మోటారులో పడేది కాదు. డిస్ప్రోసియం తగ్గించిన మోటార్లు, మామూలు ఫెర్రైట్ అయస్కాంతాల మోటార్లు ఉన్నాయి. కంపెనీకి ఉత్తరం రాసి ఈ సంగతి అడగండి. జవాబు రాకపోయినా, అడిగేవాళ్లున్నారని వాళ్లకు తెలుస్తుంది.

షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ అయితే అడగక్కర్లేకుండానే కొంత తెలుసుకోవచ్చు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) అనే నివేదిక ఇవ్వాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. వార్షిక నివేదికలోనే ఉంటుంది, కంపెనీ వెబ్‌సైట్లోనూ స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలోనూ ఉచితంగా దొరుకుతుంది. అందులో చెట్లు నాటిన ఫోటోలు వదిలేసి ఈ నాలుగు పట్టికలకు వెళ్లండి.

మొదటి భాగంలో కార్మికుల సంఖ్య. పర్మనెంటు ఎందరు, కానివాళ్లెందరు అని విడివిడిగా రాస్తారు. ఏసీల ఉత్పత్తి ఎండాకాలానికి ముందు నెలల్లో ఉప్పెనలా పెరిగి తర్వాత పడిపోతుంది కాబట్టి కాంట్రాక్టు కూలీలు ఉండటం వింత కాదు. కానీ పది మందిలో ఎనిమిది మంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉంటే అది సీజన్ సంగతి కాదు. రెండు మూడేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టి చూడండి.

తర్వాతి భాగాలకు సూత్రాలని పేరు. మూడో సూత్రం కింద గాయాలు, మరణాల పట్టిక. ఉద్యోగులకు, కార్మికులకు వేర్వేరు వరుసలు. ప్రెస్ షాపులో రేకు కత్తిరించే యంత్రాల దగ్గర వేళ్లు పోయే పరిశ్రమ ఇది. వేలాది మంది పనిచేసే చోట వరుసగా మూడేళ్లు అన్నీ సున్నాలే ఉంటే, నమోదు చేయడం లేదేమోనని అనుమానించండి.

ఐదో సూత్రం కింద కనీస వేతనం. సరిగ్గా కనీస వేతనం పొందేవాళ్ల శాతం, అంతకు మించి పొందేవాళ్ల శాతం ఉంటాయి. పర్మనెంటు కాని కార్మికుల వరుస చూడండి, తేడా అక్కడే కనిపిస్తుంది.

ఆరో సూత్రం కింద ఫ్యాక్టరీ వదిలే వాయువులు. దాన్ని కార్బన్ డయాక్సైడ్, మీథేన్, హెచ్‌ఎఫ్‌సీలు అంటూ విడగొట్టి చూపమని ఫారంలోనే ఉంది. గ్యాస్ నింపే లైన్‌లో కారేది హెచ్‌ఎఫ్‌సీ గడిలో పడాలి. ఏడాదికి లక్షల ఏసీలు నింపే కంపెనీ ఆ గడి ఖాళీగా వదిలేసి కరెంటు లెక్క మాత్రమే చూపిస్తే, అసలు విషయం దాటేసినట్టే.

షేర్ మార్కెట్లో లేని విదేశీ కంపెనీ అయితే మాతృ సంస్థ నివేదిక వెతకండి. బ్రిటన్‌లో వ్యాపారం చేస్తూ ఏటా 3.6 కోట్ల పౌండ్లకు పైన టర్నోవరు ఉన్న ఏ కంపెనీ అయినా, అక్కడి 2015 నాటి చట్టం ప్రకారం తన సరఫరాదారుల్లో వెట్టిచాకిరీ లేకుండా ఏం చేస్తోందో ఏటా ప్రకటన పెట్టాలి. ఇక్కడ నోరు విప్పని కంపెనీలు అక్కడ రాసి పెడతాయి.

4. డీలర్‌ని అడగాల్సిన చిన్న ప్రశ్నలు

ట్యాంకు చుట్టూ ఉన్న ఫోమ్ దేనితో పొంగించారు? సైక్లోపెంటేన్ (భూమిని పెద్దగా వేడెక్కించని రసాయనం) అంటే మంచిది. పీసీబీ వారంటీ ఎన్నేళ్లు, వారంటీ తర్వాత ధరెంత? కంప్రెసర్‌కు పదేళ్లు అని గొప్పగా రాసి పీసీబీకి ఒక్క ఏడాదే ఇచ్చేవాళ్లున్నారు. పోయేది మాత్రం ఎక్కువసార్లు పీసీబీయే. మోడల్ ఆగిపోయాక ఎన్నేళ్లు విడిభాగాలు ఇస్తారో కాగితం మీద అడగండి. యంత్రం ఎనిమిదేళ్లకు బదులు పదహారేళ్లు నడిస్తే, దాని తయారీకి పోసిన రాగి, ఉక్కు, చెమట అన్నీ సగమవుతాయి. ఈ ఆదా ఏ స్టార్ రేటింగులోనూ కనిపించదు.

5. అవుట్‌డోర్ యూనిట్‌ని మనిషి నిలబడే చోట పెట్టించండి

ఫ్యాక్టరీలో కార్మికుల గురించి ఇంత వెతికి, మన ఇంటి గోడకు నాలుగో అంతస్తులో సన్‌షేడ్ మీద, బెల్టు లేకుండా ఒక కుర్రాడు 35 కిలోల డబ్బా మోస్తుంటే కింద నిలబడి చూస్తుంటాం. ఆ పని చేయిస్తున్నది మనమే. ఇందులో కంపెనీని తిట్టి లాభం లేదు.

బాల్కనీ, యుటిలిటీ, డాబా, ఈ మూడింట్లో ఒకటి చూడండి. పైపు రెండు మీటర్లు పొడుగైనా ఫరవాలేదు. వీలే లేదంటే నడుముకు కాదు, భుజాలకూ తొడలకూ పట్టే హార్నెస్, దాన్ని కట్టడానికి గట్టి ఆధారం ఉంటేనే పని మొదలుపెట్టనివ్వండి. నిలబడే చోటుంటే సర్వీసు కూడా సరిగ్గా జరుగుతుంది. వేలాడుతూ ఎవరూ నట్టు టార్క్ (బిగింపు బలం) చూడరు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో కాయిల్‌కు పూత ఉన్న మోడల్ తీసుకుని, గాలి నేరుగా కొట్టని వైపు పెట్టండి. మురుగు కాలువ పక్కన ఉంటే ఆ గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లగా చేసి తినేస్తుంది. కొత్త ఇంటీరియర్స్ పూర్తయిన వెంటనే, ప్లైవుడ్ జిగురు వాసన పోకముందే గదులు బిగించి ఏసీ నడపడం కూడా మంచిది కాదు. ఆ ఆవిరిలోని ఆమ్లాలు తడి రాగిలో చీమలపుట్ట లాంటి సన్నటి సొరంగాలు తొలుస్తాయి. ఏడాది తిరగకుండా ఇండోర్ కాయిల్ కారడానికి ఇదొక కారణం.

ఒకే డబ్బా వాటర్ హీటర్ అయితే చుట్టూ గాలి ఆడాలి. తలుపులు మూసిన చిన్న స్టోర్ రూంలో పెడితే తను చల్లబరిచిన గాలినే మళ్లీ పీల్చుకుని కరెంటు ఎక్కువ తింటుంది. గిన్నెలు కడిగే యుటిలిటీలో పెట్టండి, ఎండాకాలం అక్కడ చల్లదనం ఉచితం.

6. బిగించే రోజు

స్ప్లిట్ ఏసీ గ్యాస్ ఎక్కువగా కారేది చేత్తో బిగించిన ఫ్లేర్ జాయింట్ల దగ్గర, అంటే పైపు నోరు గరాటులా విప్పి నట్టుతో కలిపే చోట. దీనికి కారణం ఫిట్టర్ చేతకానితనం అనుకుంటారు. చాలాసార్లు కారణం అతని కూలీ. ఫిట్టర్‌కు వచ్చేది యంత్రానికింత అని. ఏప్రిల్‌లో రోజుకు ఐదారు బిగిస్తేనే గిట్టుతుంది. పైపుల్లోంచి గాలి, తేమ లాగేసే వాక్యూమ్‌కు అరగంట, లీకు పట్టే నైట్రోజన్ పరీక్షకు గంట పెడితే అతని రోజు పోతుంది. కాబట్టి ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. నైట్రోజన్, వాక్యూమ్ పంప్, టార్క్ రెంచ్ తెచ్చుకో, ఆ సమయానికి వేరే డబ్బులు ఇస్తాను అని. వీలైతే సీజన్ ముందు, జనవరిలోనో ఫిబ్రవరిలోనో పెట్టించుకోండి.

పని ఈ వరుసలో జరగాలి.

పైపును హాక్సా బ్లేడుతో కాదు, పైపు కట్టర్‌తో కోయాలి. అంచు గీసేటప్పుడు పైపు నోరు కిందికి ఉండాలి, లేకపోతే రజను లోపలికి పోయి వాల్వులో ఇరుక్కుంటుంది. నట్టు ముందే ఎక్కించి ఫ్లేర్ చేయాలి. ఫ్లేర్ అంచు నున్నగా, చీలిక లేకుండా, అన్నివైపులా ఒకే వెడల్పుతో ఉండాలి. మొదట చేత్తో తిప్పి, తర్వాత రెండు రెంచీలతో బిగించాలి. పావు అంగుళం నట్టుకు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, 3/8 అంగుళానికి 33 నుంచి 42, అర అంగుళానికి 49 నుంచి 61. ఎక్కువ బిగిస్తే మంచిదనుకోవడం పొరపాటు. ఫ్లేర్ పలచబడి, కొన్ని నెలల అదురుకు చీలుతుంది.

తర్వాత నైట్రోజన్. అవుట్‌డోర్ వాల్వులు మూసి ఉంచి, పైపుల్లోకి మాన్యువల్ చెప్పిన పీడనం దాకా ఎక్కించాలి. ఆర్-32కి మామూలుగా 500 పీఎస్ఐ చుట్టూ ఉంటుంది. కనీసం గంట గేజ్ ముల్లు కదలకూడదు. జాయింట్లకు సబ్బునురగ రాయాలి. ఆక్సిజన్ గానీ కంప్రెసర్ గాలి గానీ వాడనివ్వకండి, నూనెతో కలిసి పేలుతుంది.

ఆ తర్వాత వాక్యూమ్. రెండు దశల పంపుతో 500 మైక్రాన్ల (ఇక్కడ ఇది లోపల మిగిలిన పీడనానికి కొలత) కిందికి దించి, పంపు మూసి పది నిమిషాలు ఆగాలి. 1000 దాటకుండా నిలిస్తే సరే. కొంచెం పెరిగి ఆగితే లోపల తేమ ఉంది, ఇంకాసేపు లాగాలి. ఆగకుండా పెరుగుతూ పోతే లీకుంది. దీనికి మైక్రాన్ గేజ్ కావాలి. మెకానిక్‌లు వాడే మామూలు మానిఫోల్డ్ గేజ్ ముల్లు ఈ సంగతి చెప్పలేదు.

చాలామంది ఈ రెండూ మానేసి, అవుట్‌డోర్‌లోని గ్యాస్‌నే కొద్దిగా వదిలి పైపులో గాలిని బయటికి తోలేస్తారు. బుస్సుమన్న చప్పుడు వినిపిస్తే అదే. పోయిన గ్యాస్ కన్నా లోపల మిగిలిన తేమతోనే ఎక్కువ నష్టం. కంప్రెసర్ నూనె ఆ తేమను పీల్చుకుని ఆమ్లంగా మారి, మూడు నాలుగేళ్లకు వైండింగ్‌ని కాల్చేస్తుంది. ఆర్-290లో ఇలా చేస్తే అది నిప్పుతో చెలగాటం.

పైపు పొడుగు ఫ్యాక్టరీ నింపిన హద్దు దాటితేనే అదనపు గ్యాస్ కావాలి. మీటరుకు ఎన్ని గ్రాములో మాన్యువల్‌లో ఉంటుంది. పావు అంగుళం లైన్ ఉన్న ఆర్-32కి మామూలుగా 15 నుంచి 20. అది తూకం వేసి నింపాల్సిందే. ఎక్కించిన గ్రాములు, తేదీ మార్కర్‌తో అవుట్‌డోర్ మూత లోపల రాయించండి. ఐదేళ్ల తర్వాత వచ్చే మెకానిక్‌కు ఆ ఒక్క గీత బంగారం.

చివరిగా, పైపులు, వైర్లు దూరే కంతలన్నీ పుట్టీతో మూయించండి. ఇన్వర్టర్ పీసీబీలు కాలడానికి ఓల్టేజీయే కాదు, వెచ్చదనానికి లోపల చేరే బల్లి కూడా ఒక కారణం.

7. ఏటా గ్యాస్ కొట్టించే అలవాటు మానండి

గ్యాస్ తగ్గింది సార్, కొట్టించాలి. ఎండాకాలం మొదట్లో ప్రతి వీధిలో వినిపించే మాట ఇది. మూసిన యంత్రంలో గ్యాస్ అరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ముందు ఆ చోటు చూపించమనండి. ఫ్లేర్ నట్ల దగ్గర నూనె మరక, తర్వాత ఇండోర్ కాయిల్ వంపులు, తర్వాత సర్వీసు వాల్వు మూతలు, ఈ వరుసలో వెతకాలి. చోటు తేల్చకుండా నింపితే మీరు డబ్బిచ్చి గాల్లోకి వదిలిస్తున్నట్టు. లీకు బాగుచేశాక లోపల మిగిలింది రికవరీ సిలిండర్‌లోకి తీసి, వాక్యూమ్ చేసి, ప్లేటు మీద ఉన్నన్ని గ్రాములు తూచి నింపాలి. చవకగా దొరికిందని పేరులేని సిలిండర్ గ్యాస్, ఆర్-32 యంత్రంలో ప్రొపేన్ లాంటి ప్రయోగాలు ఒప్పుకోకండి. ఆ యంత్రంలోని స్విచ్చులు, ఖాళీలు అందుకోసం చేసినవి కావు.

అసలు చల్లదనం తగ్గడానికి గ్యాస్ కాకుండా మూసుకుపోయిన ఫిల్టరో దుమ్ము పట్టిన అవుట్‌డోర్ కాయిలో కారణం కావచ్చు. ఫిల్టర్ రెండు వారాలకోసారి కడుక్కోండి.

వాటర్ హీటర్‌కు ఉప్పునీళ్లే శత్రువు. బోరు నీళ్లున్న ఇళ్లలో ట్యాంకులోని మెగ్నీషియం యానోడ్ కడ్డీని ఏడాదికోసారి విప్పి చూడాలి. సన్నగై లోపలి తీగ బయటపడితే మార్చండి. ఆ కడ్డీ కరిగిపోయాక తుప్పు ట్యాంకుకే పడుతుంది, అప్పుడు మొత్తం యంత్రం చెత్తలోకి. రోజూ 50-55 డిగ్రీల దగ్గర పెట్టుకుని, వారానికోసారి 60 దాటించండి, నిలవ నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా చస్తుంది.

8. బ్రిటన్, యూరప్‌లో ఉన్న మనవాళ్లకు

అక్కడ ఇల్లు మొత్తం వెచ్చబెట్టే పని కాబట్టి యంత్రం పెద్దది, అడగాల్సినవీ మారతాయి. యూరోపియన్ యూనియన్‌లో 2024 మార్చిలో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం 12 కిలోవాట్ల లోపు గాలి నుంచి నీళ్లకు వేడి ఇచ్చే పంపుల్లో 2027 నుంచి వేడెక్కించే సంఖ్య 150 గానీ అంతకు మించి గానీ ఉన్న ఫ్లోరిన్ గ్యాసులు కుదరవు. కాబట్టి ఇప్పుడే ఆర్-290 మోనోబ్లాక్ (గ్యాస్ భాగమంతా ఒకే డబ్బాలో ఉండేది) అడగండి. కిటికీలకు, డ్రెయిన్లకు కంపెనీ చెప్పిన దూరం ఉండాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో హీట్ పంప్‌కు 7,500 పౌండ్ల ప్రభుత్వ సాయం అందాలంటే ఇన్‌స్టాలర్‌కు ఎంసీఎస్ అనే నాణ్యతా పథకం గుర్తింపు ఉండాలి. గది గదికీ వేడి ఎంత పోతుందో కొలవకుండా కిలోవాట్లు చెప్పేవాడిని పంపించేయండి. రేడియేటర్లకు వెళ్లే నీళ్లు 45 డిగ్రీలుంటే సరిపోయేలా చేయించుకుంటే మంచిది.

9. తీసేసే రోజు

ఇరవై ఏళ్ల జాగ్రత్తంతా ఒక్క నిమిషంలో పోయేది ఇక్కడే. పాత సామాన్లు కొనేవాళ్లకు కావాల్సింది రాగి. పైపు కోస్తారు, గ్యాస్ మొత్తం పోతుంది.

స్ప్లిట్ ఏసీ పనిచేసే స్థితిలో ఉంటే మెకానిక్‌తో పంప్ డౌన్ చేయించండి. గేజ్ తగిలించి, కూలింగ్‌లో నడుపుతూ సన్నపైపు వాల్వు మూస్తారు. ముల్లు సున్నాకు దగ్గరవగానే లావుపైపు వాల్వు మూసి వెంటనే కరెంటు ఆపుతారు. గ్యాస్ అంతా అవుట్‌డోర్‌లో చిక్కుతుంది. ముల్లు సున్నా కిందికి వెళ్లేదాకా నడపకూడదు. లీకున్న యంత్రానికి ఈ పద్ధతి అస్సలు వద్దు, గాలి లోపలికి చేరి కంప్రెసర్ పేలిన సందర్భాలున్నాయి. దానికి రికవరీ మెషిన్, సిలిండర్ కావాల్సిందే.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల కింద ఏసీ తయారీదారు తన వాటా పాత యంత్రాలు రిజిస్టరైన రీసైక్లర్ దగ్గరికి చేరేలా చూడాలి. కొత్తది కొంటూ పాతది ఎక్స్ఛేంజీలో ఇస్తుంటే, అది ఏ రీసైక్లర్‌కు వెళుతుందో డీలర్‌ని పేరు అడిగి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాబితాలో ఉందో లేదో చూసుకోండి. యంత్రం సీరియల్ నంబరుతో రసీదు తీసుకోండి. డీలర్ తల గోక్కుంటే ఎక్స్ఛేంజీ ఇచ్చే రెండు మూడు వేలు వదులుకుని రీసైక్లర్‌కే ఫోన్ చేయండి. వాళ్లు బండి పంపినప్పుడు అవుట్‌డోర్ వాల్వులు రెండూ మూసి, వాటి మూతలు బిగించి ఉన్నాయో లేదో చూసి ఎక్కించండి. డబ్బాను నిలువుగానే పెట్టమనండి.